రత్నం అడిగిన మాట

నాలో ఒక అబద్ధం ఉంది. చాలా చిన్నది. అనడానికి ఒక్క క్షణం పట్టింది, మోయడానికి ఇన్నేళ్లు పడుతోంది. పనిలో ఉన్నంతసేపూ అది గుర్తు రాదు. ఎవరైనా నన్ను మెచ్చుకున్నప్పుడే కదులుతుంది, కడుపులో ఎక్కడో, బతికున్న దానిలా. నేను పశువుల డాక్టర్ని. మా మండలంలో నాకు మంచి పేరుంది. కాబట్టి అది తరచూ కదులుతూనే ఉంటుంది.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లకు చెబుదామని చాలాసార్లు నోరు తెరిచాను. ఒకసారి మా ఆయనతో మొదలుపెట్టి, ఆసుపత్రికి వచ్చిన మేక సంగతి చెప్పి ముగించాను. నా పేరు చెప్పను. కాలేజీ పేరు అనవసరం. నాతో చదువుకున్న నా స్నేహితురాలి అసలు పేరు చెప్పే హక్కు నాకు లేదు. రత్నం అందాం.

రత్నం, నేను పశువైద్య కళాశాలలో ఒకే గదిలో ఉండేవాళ్లం. మాది ఆమదాలవలస దగ్గర వ్యవసాయ కుటుంబం. వరి, నువ్వులు, నాలుగు పశువులు. తనది శ్రీకాకుళం అవతల సముద్రం ఒడ్డున ఊరు. వాళ్ల నాన్న వేటకు వెళ్లేవాడు, అమ్మ చేపలు అమ్మేది. ఆ ఊళ్లో అంత చదువుకు వచ్చిన మొదటి పిల్ల రత్నం. చేపలు పట్టేవాళ్ల పిల్లవి, పశువుల్లోకి ఎందుకొచ్చావని మొదటి ఏడాది సీనియర్లు అడిగితే, "సేపకి జబ్బొస్తే ఎవుడూ సూడ్డు గదా, గేదెనైనా సూద్దారని" అంది. అందరూ నవ్వారు. ఏడిపించడానికి వచ్చినవాళ్లు కూడా.

చిన్నప్పటి నుంచి వల లాగిన చేతులు తనవి. పశువు మీద చెయ్యి వేస్తే పశువు నిలబడేది. నేను క్లాసులో ఫస్టు. పుస్తకం నాది, చెయ్యి తనది అనేవారు మా సార్లు. ఆ మాట నాకు నచ్చేది కాదు. అది కూడా మీకు చెప్పాలి. చెప్పకపోతే తర్వాత జరిగింది ఒక పొరపాటులా వినిపిస్తుంది.

చివరి సంవత్సరం మమ్మల్ని జట్లుగా చేసి పల్లెలకు తీసుకెళ్లేవారు. వానలు మొదలైన రోజులు. నెల్లిమర్ల దగ్గర ఒక ఊళ్లో గేదె ఈని పడిపోయిందని కబురు వస్తే సార్‌తో పాటు రత్నం, నేను వెళ్లాం. ఆ గేదె యజమాని అప్పయ్యమ్మ అనే ఆవిడ. భర్త జూట్ మిల్లు పనికి వెళ్లాడు. పెరట్లో రేకుల పాక కింద గేదె పడుకుని ఉంది. తల తిప్పి డొక్కకు ఆనించుకుంది. చెవులు చల్లగా ఉన్నాయి. చూడగానే తెలిసిపోయింది, పాలజ్వరం. ఈనిన పశువుకు ఒంట్లో కాల్షియం పడిపోతే వస్తుంది. పేరుకే జ్వరం.

ఈ జబ్బు వైద్యమంటే విద్యార్థులకు భలే సరదా. చచ్చిపోయేలా పడున్న పశువు మెడ నరంలోకి మందు ఎక్కిస్తే మన కళ్లముందే లేచి నిలబడుతుంది. ఇంటివాళ్లు దణ్ణం పెడతారు. కాకపోతే ఆ మందు నెమ్మదిగా ఎక్కించాలి, గుండె వింటూ ఎక్కించాలి. తొందరపడితే గుండె ఆగిపోతుంది. ఇది పరీక్షల్లో ప్రతిసారీ అడిగే ప్రశ్న. ప్రతిసారీ నేను సరిగ్గా రాసిన జవాబు.

సూది రత్నం పెట్టింది. సెలైన్ గొట్టంలో గాలి బుడగలు పోవడానికి, మందు వేగం పెంచి తగ్గించే చక్రాన్ని ముందు పూర్తిగా తిప్పింది. బుడగలు పోయాక తగ్గించింది. చుక్క తర్వాత చుక్క పడుతోంది. నేను చూశాను. ఈ రెండు మాటలు గుర్తుపెట్టుకోండి. నేను చూశాను.

సార్ ఎదురింట్లో ఎద్దు కాలు చూడటానికి వెళ్లారు. రత్నం గుండె వింటూ కూర్చుంది. ఇంతలో అప్పయ్యమ్మ పెరటి గోడ అవతల నుంచి పిలిచింది. "ఒక్కపాలి రామ్మా, పెయ్య లెగట్లేదు." రత్నం స్టెతస్కోపు తీసి నా మెడలో వేసింది. "గుండె ఇంటూ ఉండవే, ఇప్పుడే వచ్చెస్తాను" అని దూడ దగ్గరికి పరిగెత్తింది.

కాసేపు విన్నాను. బాగానే కొట్టుకుంటోంది. గేదె మెడ నిటారుగా ఎత్తింది, ఒళ్లంతా సన్నగా వణికింది. అది మంచి గుర్తు. అప్పుడు నాకొక ఆశ పుట్టింది. సార్ తిరిగొచ్చేసరికి గేదె నిలబడి ఉండాలి. పక్కన నేనొక్కదాన్నే ఉండాలి. అంతే. దీనికి మించిన కారణం ఏదైనా ఉందేమోనని ఇన్నేళ్లుగా వెతుక్కున్నాను. ఉంటే కాస్త బాగుండేది. లేదు.

చక్రం పూర్తిగా తిప్పేశాను. స్టెతస్కోపు చెవుల్లోంచి తీసి, సార్ వస్తున్నారేమోనని వీధి వైపు చూస్తున్నాను. సీసాలో బుడగలు గబగబా లేస్తున్నాయి. గేదె ఒక్కసారి అరిచింది. మామూలుగా అరిచే అరుపు కాదు. కాళ్లు బిగదన్నింది. నేను చక్రం మూసేశాను. ఆ సమయంలో నా చెయ్యి ఎంత చురుగ్గా పని చేసిందో చెబితే మీకు నా మీద అసహ్యం వేస్తుంది. గేదె గుండె వినడం కంటే ముందు, ఎవరూ చూడకముందే, నేను చక్రం మూశాను.

రత్నం పరిగెత్తుకొచ్చింది, చెవి నేరుగా దాని గుండె దగ్గర ఆనించింది. పిడికిళ్లతో గుద్దింది. మోకాళ్లతో అదిమింది. సార్ వచ్చేసరికి అంతా అయిపోయింది.

"డ్రిప్ ఎవరు పెట్టారు?"

"నేనే సార్" అంది రత్నం.

సార్ సీసా వైపు చూశారు. ఇంత తొందరగా ఎలా ఖాళీ అయిందమ్మా అన్నారు. గొంతులో కోపం లేదు. రత్నం సీసాను చూసింది, తన చేతుల్ని చూసుకుంది. నేను గోడ అవతలికి చూశాను. అక్కడ దూడ నిలబడి ఉంది, కాళ్లు వణుకుతూ.

అప్పయ్యమ్మ ఏడ్చింది. తర్వాత ఏడుపు మధ్యలోనే రత్నం తల నిమిరింది. "నీదేటుందమ్మా, దానికి ఆయుసు తీరిపోనాది" అంది. మా ఇద్దరికీ చల్ల ఇచ్చింది. నేను తాగాను. రత్నం గ్లాసు పట్టుకుని కూర్చుంది.

తిరిగి వచ్చేటప్పుడు జీపులో సార్ అన్నారు, ఇలాంటిది తన చేతిలో కూడా జరిగిందని, ప్రతి డాక్టరుకీ జరుగుతుందని, ఇకమీదట జాగ్రత్తగా ఉండమని. అంతటితో వదిలేశారు. అంటే, నిజం చెప్పి ఉంటే నాకు పడేది కూడా ఆ రెండు ముక్కలే. మరి దేనికి భయపడ్డాను? ఆ జీపులో నోరు తెరిచి "సార్, నేను" అని ఉంటే? అనలేదు. మరుసటి రోజు అనవచ్చు అనుకున్నాను. మరుసటి రోజుకి నిన్న ఎందుకు చెప్పలేదన్న ప్రశ్న కూడా వచ్చి కూర్చుంది. ఆ తర్వాత ప్రతి రోజూ చెప్పడం కొంచెం కొంచెం బరువైంది.

రత్నం పడుకోవడం మానేసింది. పడుకుంటే అరుపు వినిపిస్తోందనేది. క్లినిక్‌లో సెలైన్ పెడితే చక్రం చూసి, మళ్లీ చూసి, పక్కవాళ్లను పిలిచి చూపించేది. మగపిల్లలు నవ్వేవారు. కడిగిన చేతులే మళ్లీ మళ్లీ కడిగేది. తనను చూసి నిలబడే పశువులు ఇప్పుడు బెదిరేవి.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా కాలేజీలో ఒక కార్యక్రమం పెట్టారు. అంతకుముందు ఒక సీనియర్ చదువు మధ్యలో మనసు చెదిరి ఇంటికి వెళ్లిపోయాడు. దాంతో విశాఖపట్నం నుంచి ఒక మానసిక నిపుణురాలిని పిలిపించారు. ఆవిడ కొందరు విద్యార్థుల్ని ఎంచుకుని శిక్షణ ఇచ్చారు. తోటివాళ్లు బాధలో ఉంటే వినాలి, తీర్పు చెప్పకూడదు, మన శక్తికి మించిందనిపిస్తే వెంటనే తనకు చెప్పాలి. "మనుషుల డాక్టర్లు కూడా చావు చూస్తారు. కానీ మీరు కొన్నిసార్లు మీ చేత్తోనే ఇవ్వాలి. ఆ బరువును మీలో మీరు దాచుకోకండి" అన్నారు. నేను ముందు వరుసలో కూర్చుని తలూపాను. నన్ను ఎంచుకున్నారు. బాగా మాట్లాడతానని.

నేను ఆ పని బాగా చేశాను కూడా. ఇది గొప్పకు చెప్పడం లేదు. జూనియర్లు వచ్చి ఏడ్చేవారు. ఒక పిల్లవాడు మొదటిసారి ఒక కోలుకోలేని కుక్కకు చావు ఇంజెక్షను ఇచ్చి రెండు రోజులు అన్నం తినలేదు. వాడితో పాటు కూర్చున్నాను, మేడమ్ దగ్గరికి పంపాను, కోలుకున్నాడు. ఇప్పటికీ ఫోన్ చేస్తాడు. ఒక మనిషి మంచిదీ చెడ్డదీ ఒకే వారంలో ఎలా కాగలదు? అయ్యాను, అంతే తెలుసు.

రత్నాన్ని మాత్రం మేడమ్ దగ్గరికి పంపలేదు.

వెళ్తానని తనే అడిగింది. ఒకసారి కాదు. నాతో చెప్పుకుంటున్నావు కదా, చాలదా అన్నాను. మేడమ్ దగ్గరికి వెళ్తే రికార్డులో రాస్తారేమో, ఉద్యోగానికి అడ్డమేమో అన్నాను. అది అబద్ధమని నాకు తెలుసు. ఆవిడ తెలివైనవారు. ఆ రోజు ఏం జరిగిందో మొదటి నుంచి చెప్పమంటారు. పక్కన ఎవరున్నారని అడుగుతారు. అందుకు. గేదె విషయంలో చేసింది క్షణంలో అయిపోయిన పని. ఇది రోజూ చేశాను, ఆలోచించి చేశాను. రెండింట్లో ఏది పెద్దదో మీరే చెప్పండి. కాదు, చెప్పకండి. నాకు తెలుసు.

ఒక శనివారం ఇద్దరం ఇళ్లకు బయలుదేరాం. విజయనగరంలో రైలెక్కి ఆమదాలవలసలో దిగాం. తను అక్కడి నుంచి శ్రీకాకుళం బస్సు పట్టుకోవాలి. వాన పడుతోందని ప్లాట్‌ఫాం మీద బెంచీ మీద కూర్చున్నాం. ఒకావిడ ఉడకబెట్టిన వేరుశనక్కాయలు అమ్ముతోంది. రత్నం కొని నా ఒళ్లో పెట్టింది. తను తినలేదు. పట్టాల మీద వానను చూస్తూ, నా వైపు తిరగకుండానే అడిగింది.

"ఒసే, నిన్నొకటి అడుగుతాను. నిజం సెప్తావా?"

"ఏటది?"

"ఆ రోజు బుడగలు పోడానికి సక్రం మొత్తం తిప్పీసినాను. అది గుర్తున్నాది. మళ్లీ తగ్గించినానా లేదా? ఎంత తలుసుకున్నా గుర్తు రాట్లేదే. తగ్గించినట్టే ఉంటాది. మళ్లీ లేదనిపిస్తాది. నువ్వు పక్కనే ఉన్నావు గదా. నేను తగ్గించడం నువ్వు సూసినావా?"

అడిగేటప్పుడు తన గొంతులో ఆశ ఉంది. నేను అవునంటానని ఆశ. కనీసం సగం నిజం చెప్పినా సరిపోయేది. తగ్గించావే, నేను చూశాను, గేదెకు గుండె ముందే బాగాలేదేమో అని ఉండొచ్చు. నేను దొరక్కుండానే తను బయటపడేది. ఆ దారి కూడా నాకు తోచింది. కానీ తగ్గించావంటే, మరి సీసా అంత తొందరగా ఎలా ఖాళీ అయిందంటుంది. ఆ తర్వాతి ప్రశ్న నా దగ్గరికే వస్తుంది. ఇదంతా ఒక వేరుశనక్కాయ ఒలిచేంతలో ఆలోచించాను.

"నేను చూడలేదే" అన్నాను.

"సూళ్లేదా?"

"అప్పుడు గేదె తల పట్టుకున్నాను కదా. అటు చూడలేదు."

రత్నం తలూపింది. "అయితే తగ్గించుండను" అంది, నెమ్మదిగా, లెక్క తేలిపోయినట్టు. ఆ తర్వాత నా భుజం మీద చెయ్యి వేసి, "పోన్లే, నువ్వేటి సేస్తావు" అంది. బస్సొస్తాదని లేచి వానలోనే వెళ్లిపోయింది. నేను మిగిలిన కాయలు తిన్నాను.

చివరి పరీక్షల రోజుల్లో ఒక ఉదయం రత్నం గదిలో లేదు. పరీక్ష హాలుకి కూడా రాలేదు. వార్డెన్, నేను వెతుక్కుంటూ వెళ్తే కాలేజీ పశువుల పాకలో ఉంది. పడుకున్న ఒక గేదె పక్కన, పేడలో, మోకాళ్ల మీద కూర్చుని దాని ఛాతీకి చెవి ఆనించి ఉంది. గేదె ప్రశాంతంగా నెమరేస్తోంది. లేవమని వార్డెన్ చెయ్యి పట్టుకుంటే విదిలించుకుంది. నన్ను చూసి చెయ్యి ఊపి పిలిచింది. "కొట్టుకుంటన్నాదే. ఇను. నేను లెగిస్తే ఆగిపోతాది" అంది. తన ఒళ్లు జ్వరంతో కాలిపోతోంది. నేను ఆ పేడలో తన పక్కన కూర్చున్నాను. ఒక్క నిజం తప్ప అక్కడ పనికొచ్చే మాట ఇంకేదీ లేదు. అది చెప్పినా అప్పుడు తనకు వినిపించేది కాదు. ఇదీ నేను నాకు చెప్పుకునేదే. వినిపించేదేమో.

వాళ్ల అమ్మానాన్నా వచ్చి తీసుకెళ్లారు. ఆటో ఎక్కే ముందు వాళ్లమ్మ నా రెండు చేతులూ పట్టుకుంది. "మా గుంట ఎప్పుడు ఫోన్ సేసినా నీ మాటే సెప్పేది తల్లీ. నువ్వే లేకపోతే ఏటైపోయేదో" అంది. ఆవిడ చేతులకు చేపల వాసన. నేను వాళ్ల సంచీ ఆటోలో పెట్టాను. రత్నం మళ్లీ కాలేజీకి రాలేదు. నేను పట్టా తీసుకున్నాను, ఉద్యోగం తెచ్చుకున్నాను.

తన ఫోన్ నంబరు మారింది. వెతికితే దొరికేది. వెతకలేదు.

చాలా ఏళ్ల తర్వాత, పశువులకు గాలికుంటు జబ్బు టీకాలు వేసే పని మీద నన్ను ఆ తీరం వైపు వేశారు. ఈసారి చెప్పేయాలనుకున్నాను. స్కూటీ మీద వెళ్తూ దారంతా వాక్యాలు కూర్చుకున్నాను. ఒడ్డున పడవలు వచ్చి ఉన్నాయి. వేలం దగ్గర ఒక ఆడమనిషి మగవాళ్లను అదిలిస్తూ ధర పాడుతోంది. గొంతు గుర్తుపట్టాను. రత్నం చేపలు కొని ఐసు వేయించి శ్రీకాకుళం మార్కెట్టుకి పంపుతోంది. లావైంది. నన్ను చూసి అక్కడి నుంచే కేకేసింది. "ఒసే! ఎలాగొచ్చినావే?"

వలలు ఆరేసే చోట నీడలో కూర్చున్నాం. పెళ్లయింది, పాప ఉంది. నన్ను నా పిల్లల గురించి అడిగింది. నేను కూర్చుకున్న మొదటి వాక్యం మొదలుపెట్టాను. "రత్నం, ఆ నెల్లిమర్ల గేదె" అన్నాను.

"అయ్యో, దాని గురించి నీతో సెప్పాలనే ఉన్నాదే" అని తనే అందుకుంది. చాలాకాలం విశాఖపట్నంలో వైద్యం జరిగిందట. మాత్రలు వేసుకుందట, ఇంకా ఒకటి వేసుకుంటోందట. "నాకు జబ్బు ఏటంటే, సేసినానా లేదా అన్న అనుమానం. అదే తినేసింది నన్ను. ఆ డాక్టరమ్మ దగ్గర ఆకరికి ఒప్పీసుకున్నాను. సేసినాను, నా సేత్తోనే పోనాది, తప్పే, ఐనా మనిసినే గదా అని. అలాగని ఒప్పుకున్నాకే నిద్దర పట్టీసింది. ఇప్పుడింకేటీ అనుమానం లేదు. నేనే సేసినాను." అని నవ్వింది. ఆ నవ్వులో నేను ఎదురుచూసిన బాధేమీ లేదు.

నా నోట్లో రెండో వాక్యం ఉంది.

అది చెబితే ఏమవుతుంది? తను చేయని తప్పు మీద ఇల్లు కట్టుకుని అందులో నిద్రపోతోంది. నేను నిజం చెబితే ఆ ఇల్లు నిలబడుతుందా? తనకు విడుదలా, మళ్లీ ఆ పాకలోకి తోసెయ్యడమా? లేక ఇది కూడా నా పిరికితనానికి ఈసారి దొరికిన మంచి ముసుగా? అప్పుడు తను అడిగితే చెప్పలేదు. ఇప్పుడు అడగడం మానేసింది. తనకు కావలసిన రోజున నా దగ్గరున్న మాట, ఇప్పుడు నాకు మాత్రమే కావాలి.

"ఏటే, అలాగైపోనావు? ఒంట్లో బాలేదా?" అంది.

ఎండ అన్నాను.

వెళ్లేటప్పుడు ఐసు వేసి ఒక సంచీ నిండా వంజరం ముక్కలు ఇచ్చింది. వద్దంటే ఊరుకోలేదు. ఇంటికొచ్చి పులుసు పెట్టాను. పిల్లలు ఇష్టంగా తిన్నారు. నేనూ తిన్నాను. చాలా బాగుంది.

తర్వాత కూడా తన డాక్టరును కనుక్కుని అడుగుదామనుకున్నాను, చెప్పొచ్చా చెప్పకూడదా అని. ఏమని అడగను? ఎవరి తరఫున? ఇప్పుడు నా దగ్గరికి శిక్షణకు వచ్చే విద్యార్థుల్లో ఎవరైనా పశువు చచ్చిపోయాక మాట తగ్గించేస్తే ఆ రోజే మానసిక డాక్టరు దగ్గరికి పంపుతాను, అవసరమైతే నేనే బస్సెక్కించి తీసుకెళ్తాను. నాతో చెప్పు చాలు అని ఎవరితోనూ అనను. మేడమ్, మీకెంత ఓపికో అంటారు వాళ్లు. కడుపులో అది కదులుతుంది.

ఇది చదివి మీరు నన్ను ఏమనుకున్నా అది నాకు చేరదు. చేరాలని కూడా లేదు. రత్నం ఇలాంటివి చదవదు. ఒకవేళ చదివితే, నువ్వు తగ్గించావే రత్నం. నేను చూశాను. ఈ మాట ఇన్నేళ్లలో ఇదే మొదటిసారి నా లోపలి నుంచి బయటికి రావడం. దీనితో ఏదీ బాగుపడలేదని తెలుసు. అయినా రాసి కలం పెట్టాక, చాలా రోజుల తర్వాత, గుండెల నిండా ఊపిరి తీసుకోగలిగాను. తీసుకున్నందుకు సిగ్గుగా ఉంది.